పగటి దుర్భిణి – రాత్రి ఆకాశం

తెలుగు కావ్యాలలో సూర్యునికి గల పేర్లను ఒకచోట చేర్చి చూస్తే ఒక విశేషం గోచరిస్తుంది. చండకరుడు, ఖరకరుడు, తీక్ష్ణాంశుడు, అహిమకరుడు - ఇవన్నీ ఆయన కిరణాల తీవ్రతను చెప్పే పేర్లే. రాత్రి ఆకాశంలో కనిపించే నక్షత్రాన్ని మాత్రం మన పల్లెలు ‘చుక్క’ అనే చిన్న మాటతో సరిపెట్టుకొన్నాయి. నిజానికి సూర్యుడు కూడ ఒక నక్షత్రమే. అయితే భూమి మీద నుండి చూచేవారికి రాత్రి ఆకాశంలో అన్నింటికంటె ప్రకాశవంతమైన మృగవ్యాధ నక్షత్రం కన్న సూర్యుడు దాదాపు 1,300 కోట్ల రెట్లు అధికంగా వెలుగుతాడు. ఇంతటి అంతరం గల రెండు వెలుగులను ఒకే పరికరంతో చూడడం సాధ్యమా? సూర్యుణ్ణి చూడడానికి నిర్మించిన చిన్న దుర్భిణితో రాత్రి ఆకాశాన్ని ఛాయాచిత్రంగా తీయవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానం ‘తీయవచ్చు’ అనే ఒక్క మాటలో ఉన్నది. కాని ఆ మాట వెనుక తెలుసుకోవలసినది చాలా ఉన్నది. తెలియక చేస్తే నష్టపోయేది మాత్రం కన్ను.

శ్రీ సత్యసాయి జిల్లాలో, కదిరికీ పుట్టపర్తికీ సమీపాన ఓబులదేవరచెరువు ఉన్నది. జనవ్యవహారంలో అది ఓడిచెరువు. చుట్టూ వేరుసెనగ పండే మెట్టభూములు, అక్కడక్కడ రాతిగుట్టలు, ఏడాదిలో అధికభాగం మబ్బులేని ఆకాశం. ఇటువంటి ఊరిలో ఒక విద్యార్థి చేతికి చిన్న సూర్యదర్శిని వచ్చినదనుకొందాము. పగలంతా సూర్యుని అంచున లేచే ఎర్రని జ్వాలలను చూచిన ఆ విద్యార్థికి సాయంకాలం కాగానే దానిని పెట్టెలో పెట్టవలసిన అవసరం ఉన్నదా అన్న సందేహం కలగడం సహజం.

ఈ పరికరం పుట్టుక వెనుక ఉన్న కథ తెలుగునేలకు సంబంధించినదే. 1868 ఆగష్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ దక్షిణాపథం మీదుగా సాగింది. మద్రాసు నక్షత్రశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్నం చేరాడు. అదే నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తికి వెళ్ళాడు. గుంటూరులో రెండు బృందాలు దిగాయి. టెనెంట్ అనే ఆంగ్లేయ సైనికాధికారి బృందం గ్రహణాన్ని ఛాయాచిత్రాలుగా తీసింది. పియెర్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దూరదర్శినికి వర్ణపటదర్శినిని జోడించాడు. సంపూర్ణ గ్రహణ సమయంలో సూర్యబింబపు అంచున లేచిన జ్వాలల వెలుగును వర్ణపటంగా విడదీసి చూచినప్పుడు అది అఖండమైన రంగుల పట్టీగా కాక, విడివిడి ప్రకాశరేఖలుగా కనిపించింది. ఆ జ్వాలలు మండే వాయువులనీ, వాటిలో ముఖ్యమైనది హైడ్రోజన్ అనీ తేలింది.

గుంటూరు పేరు విన్నప్పుడు అందరూ హీలియం కథనే తలచుకొంటారు. ఆ ఏడాది గ్రహణ పరిశీలనలలో కనిపించిన ఒక పసుపుపచ్చ రేఖ తరువాతి కాలంలో ఆ మూలకాన్ని గుర్తించడానికి దారితీసిన మాట నిజమే. కాని మరునాటి ఉదయం జాన్సెన్ చేసిన పని అంతకంటె గొప్పది. గ్రహణం ముగిసింది, సూర్యుడు యథాప్రకారం వెలుగుతున్నాడు. ఆ రేఖల ప్రకాశాన్ని చూచి, గ్రహణం లేకున్నా వాటిని చూడవచ్చునని ఆయన తలచాడు. ఆగష్టు 19న వర్ణపటదర్శినిని సూర్యుని అంచుకు గురిపెట్టాడు. పట్టపగలు జ్వాలల రేఖలు కనిపించాయి. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ స్వతంత్రంగా ఇదే పద్ధతిని కనుగొని, అదే సంవత్సరం అక్టోబరు 20న విజయం సాధించాడు. ఇద్దరి లేఖలు పారిస్‌లోని విజ్ఞాన పరిషత్తుకు ఒకే రోజున చేరాయి. ఇద్దరి ముఖాలను ఒకే పతకం మీద ముద్రించి ఫ్రెంచి ప్రభుత్వం వారిని గౌరవించింది.

ఈ పద్ధతిలోని సూక్ష్మాన్ని కల్లం మీద పని చేసిన వారు తేలికగా గ్రహించగలరు. బుట్టెడు వేరుసెనగ కాయలను కల్లమంతటా పరిస్తే అవి పలచబడి నేల కనిపిస్తుంది. అదే బుట్టెడు కాయలను ఒకేచోట పోస్తే కుప్పగా నిలుస్తుంది. సూర్యుని చుట్టూ ఆకాశంలో పరచుకొన్న తెల్లని వెలుగులో అన్ని రంగులూ ఉన్నాయి. వర్ణపటంగా విడదీసినప్పుడు అది పరచిన కాయల వలె పలచబడుతుంది. జ్వాలల వెలుగు కొన్ని నిర్దిష్టమైన రంగులలోనే ఉన్నది; ఎంత విడదీసినా అది కుప్పలుగానే నిలుస్తుంది. కావలసిన ఒక్క రంగును ఎన్నుకొని మిగిలిన వెలుగునంతటినీ తోసిపుచ్చితే, కంటిని మిరుమిట్లు గొలిపే కాంతి వెనుక దాగిన వస్తువు బయటపడుతుంది. నేటి చిన్న సూర్యదర్శిని పని చేసేది ఈ సూత్రం మీదనే.

సూర్యదర్శినులలో రెండు రకాలున్నాయి. మొదటిది సామాన్యమైన దూరదర్శినే. దాని ముందుభాగాన సూర్యకాంతిలో లక్షవ వంతును మాత్రమే లోపలికి విడిచే పొర ఒకటి బిగిస్తారు. దానితో సూర్యుని మచ్చలు కనిపిస్తాయి. రాత్రివేళ ఆ పొరను తీసివేస్తే అది మామూలు దూరదర్శిని. ఇందులో చిక్కేమీ లేదు కనుక చర్చించవలసినదీ లేదు.

రెండవది హైడ్రోజన్ కాంతితో పనిచేసే సూర్యదర్శిని. హైడ్రోజన్ పరమాణువులోని ఎలక్ట్రాను మూడవ కక్ష్య నుండి రెండవ కక్ష్యకు దిగినప్పుడు 656.3 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎర్రని కాంతి వెలువడుతుంది. సూర్యుని వర్ణావరణం, జ్వాలలు ఈ కాంతిలోనే దర్శనమిస్తాయి. ఆ ఒక్క రంగును పట్టుకొనడానికి ఈ పరికరంలో మూడు ద్వారపాలకులున్నారు. మొదటిది ముందుభాగాన గల ఎర్రని ఫిల్టరు లేక పూత. వేడిమిలో అధికభాగాన్ని అది బయటనే ఆపుతుంది. రెండవది ఎటలాన్. 1899లో ఫాబ్రి, పెరో అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు దీనిని రూపొందించారు. సమాంతరంగా నిలిపిన రెండు గాజుపలకల నడుమ అతిస్వల్పమైన ఖాళీ ఉంటుంది. కాంతి ఆ పలకల మధ్య అటూ ఇటూ పరావర్తనం చెందుతుంది. ఆ ఖాళీకి సరిగా సరిపోయే తరంగాలే బయటకు వస్తాయి. తక్కినవి ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. అయితే సరిపోయే తరంగదైర్ఘ్యం ఒక్కటే ఉండదు. దువ్వెన పళ్ళ వలె సమాన దూరాలలో అనేకం ఉంటాయి. వాటిలో కావలసిన ఒక్క పంటిని మాత్రం విడిచి, మిగిలిన వాటిని ఆపే మూడవ ఫిల్టరు అక్షికటకానికి ముందు ఉంటుంది. ఈ మూడూ కలిసి పని చేసినప్పుడు బయటకు వచ్చే కాంతిపట్టీ వెడల్పు ఒక నానోమీటరులో పదోవంతుకు మించదు. మేలురకం వాటిలో అది 0.07 నానోమీటర్లు.

ఈ సూర్యదర్శినిని ఉన్నదున్నట్లుగా రాత్రి ఆకాశానికి గురిపెడితే ఏమవుతుంది? దాదాపు ఏమీ కనిపించదు. మన కంటికి కనిపించే కాంతి విస్తృతి సుమారు 300 నానోమీటర్లు. అందులో 0.07 నానోమీటర్లను మాత్రమే విడిచే పరికరంలో నక్షత్రకాంతి నాలుగువేల వంతులలో ఒక వంతుకు పడిపోతుంది. మృగవ్యాధుని వంటి మహాతార కూడ అందులో వెలవెలబోతుంది. పున్నమి చంద్రుడు సైతం సూర్యుని కన్న నాలుగు లక్షల రెట్లు మసక కనుక, సూర్యునికి తగినట్లు నిర్మించిన ఆ కిటికీలో మిక్కిలి పేలవంగా కనిపిస్తాడు.

ఇక్కడ చురుకైన విద్యార్థి ఒక ఆక్షేపణ లేవదీయవచ్చు. మృగశిర రాశిలోని మహానీహారిక ఎర్రగా వెలిగేది హైడ్రోజన్ వలననే గదా! అక్కడి కాంతి కూడ 656.3 నానోమీటర్లదే గదా! మరి హైడ్రోజన్ కోసమే నిర్మించిన సూర్యదర్శినిలో అది ఎందుకు కనిపించదు? ఈ ఆక్షేపణ చక్కనిది. దానికి సమాధానం భూమి నడకలో ఉన్నది. భూమి సూర్యుని చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నది. ఒక వస్తువు వైపు మనం పయనించేటప్పుడు దాని కాంతి తరంగాలు కుదించుకొనిపోతాయి. దాని నుండి దూరమయ్యేటప్పుడు సాగుతాయి. రైలు దగ్గరకు వచ్చేటప్పుడు ఒక స్వరంతోను, దాటిపోయేటప్పుడు మరొక స్వరంతోను కూత వినిపించడానికి కారణమైన డాప్లర్ సూత్రమే ఇది. సెకనుకు 30 కిలోమీటర్ల వేగానికి హైడ్రోజన్ ఎరుపు దాదాపు 0.066 నానోమీటర్లు పక్కకు జరుగుతుంది. కిటికీ మొత్తం వెడల్పే 0.07! సూర్యుని విషయంలో ఈ చిక్కు లేదు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నదే గాని ఆయన వైపు పరుగెత్తడం లేదు. నీహారికల కాంతి మాత్రం ఋతువును బట్టి, వాటి స్వీయగమనాన్ని బట్టి కిటికీ అంచులను దాటిపోతుంది. దీనికి తోడు మూడవ ఫిల్టరు వ్యాసం కొద్ది మిల్లీమీటర్లే. సూర్యబింబం పట్టేంత మేరకే దానిని తయారు చేస్తారు. అంతకంటె విశాలమైన నీహారిక అందులో ఇమడదు.

కనుక రాత్రి పనికి ఆ ద్వారపాలకులను తప్పించక తీరదు. కాంతిని తోసిపుచ్చడం పగటి విద్య. కాంతిని కూడబెట్టడం రాత్రి విద్య. ఒకే గొట్టం రెండు విద్యలూ నేర్వాలంటే దానిలో ఏ భాగం ఏ పని చేస్తున్నదో తెలియాలి.

అన్ని సూర్యదర్శినులూ ఇందుకు లొంగవు. కొరొనాడో సంస్థ రూపొందించిన పి.ఎస్.టి. అనే చిన్న పరికరం లోకమంతటా పేరు పొందింది. దాని ద్వారం 40 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 400 మిల్లీమీటర్లు. ఫిల్టర్లు లోపలనే అమర్చి ఉంటాయి; వాడేవారు రాత్రికి తీసి పగటికి పెట్టుకొనేందుకు అది ఉద్దేశింపబడలేదు. ఔత్సాహికులు కొందరు దానిని విప్పి మార్పులు చేస్తున్నారు గాని, అనుభవం లేనివారు ఆ పనికి పూనుకొనరాదు. ఒకసారి విప్పిన ఫిల్టరు తిరిగి సరిగా కూర్చున్నదో లేదో కంటితో చూచి చెప్పడం కష్టం. అమెరికాలోని లంట్ సంస్థ తరువాతి కాలంలో వేరొక మార్గం తొక్కింది. వారి 60 మిల్లీమీటర్ల పరికరంలో ఎటలాన్ ఉన్న భాగాన్నీ, చివరి ఫిల్టరునూ మరలు విప్పి వేరుచేయవచ్చు. మిగిలేది 420 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల ఒక మేలైన వక్రీభవన దూరదర్శిని. పగలు సూర్యదర్శిని, రాత్రి నక్షత్రదర్శిని కావాలనే ఉద్దేశంతోనే దానిని అలా నిర్మించారు. ఇక ముందు చెప్పబోయే లెక్కలన్నీ ఈ కొలతల మీద ఆధారపడినవే.

పెద్ద వేధశాలలలోను ఇటువంటి ద్విపాత్రాభినయం జరగకపోలేదు. అమెరికాలోని కిట్ పీక్ శిఖరం మీద 1962లో ప్రారంభమైన మెక్‌మాత్ - పియర్స్ సూర్యదర్శినిని రాత్రివేళ గ్రహాల, నక్షత్రాల పరిశీలనకు కూడ వినియోగించారు. మన దేశంలో కొడైకెనాల్ సూర్యవేధశాలకు 1960లో సంచాలకుడైన వేణు బప్పు హైదరాబాదులో పెరిగినవాడు. తండ్రి అక్కడి నిజామియా నక్షత్రశాలలో ఉద్యోగి. సూర్యుని పరిశీలనకు పేరొందిన సంస్థ బాధ్యత వహించిన బప్పు, రాత్రి ఆకాశానికి తగిన చోటు వెదకి జవ్వాది కొండలలోని కావలూరును ఎన్నుకొన్నాడు. సూర్యుణ్ణి చూడడానికి మంచిదైన చోటు నక్షత్రాలకు మంచిది కానక్కరలేదని ఆయన ఎరుగును.

ఆ మాట ఓబులదేవరచెరువుకూ వర్తిస్తుంది. పగటివేళ ఎండకు నేల వేడెక్కి, దాని మీది గాలి కదులుతూ ఉంటుంది. ఆ కదలిక సూర్యబింబాన్ని నీటిలోని ప్రతిబింబం వలె వణికిస్తుంది. నీటి మీద గాలి అంతగా వేడెక్కదు. ఉదయపూర్ సూర్యవేధశాలను ఫతేసాగర్ సరస్సు నడుమ ఒక ద్వీపం మీద నిర్మించడానికి కారణం ఇదే. ఊరి పేరులోనే చెరువున్నది కనుక, ఆ చెరువులో నీరున్న ఏడాది కట్టమీద నుండి ఉదయపు సూర్యుణ్ణి చూడడం మేలు. (రాయలసీమ చెరువుల విషయంలో ‘నీరున్న ఏడాది’ అనే మాట చేర్చక తప్పదు.) రాత్రివేళ ఆ కట్టే ప్రతికూలం. నీటి దగ్గరి గాలిలోని తేమ చల్లని కటకం మీద మంచుగా పేరుకొంటుంది. అప్పుడు చెరువుకు దూరంగా, ఎత్తైన మెట్టనేల మీదికి పోవాలి. ఊరి వీధిదీపాలు వెనుక ఉండేటట్లు నిలవాలి. దక్షిణాన నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో బెంగుళూరు మహానగరం ఉన్నది కనుక, ఆ దిక్కున దిగంతానికి దగ్గరగా ఉన్న వస్తువుల కన్న నడినెత్తికి వచ్చే వస్తువులను ఎన్నుకొనడం తెలివైన పని.

ఏ వస్తువులను? 420 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల దూరదర్శినిలో చంద్రబింబం వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. సామాన్యమైన డిజిటల్ కెమెరాలోని కాంతిగ్రాహకం సుమారు 23 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. అంటే ఆరు చంద్రులను పక్కపక్కన పేర్చినంత ఆకాశం ఒక ఛాయాచిత్రంలో పడుతుంది. పల్లెజనం ‘పిల్లలకోడి’ అని పిలిచే కృత్తికలు అందులో హాయిగా ఇముడుతాయి. దేవయాని నక్షత్రవీధి పొడవునా పడుతుంది. జనవరి చివర రాత్రి తొమ్మిది గంటల వేళ దక్షిణపు టాకాశంలో 70 డిగ్రీల ఎత్తున నిలిచే మృగశిర మహానీహారిక అన్నింటికంటె తగినది. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరాన, అప్పుడే పుట్టిన వేడి నక్షత్రాల కిరణాలు తగిలి వెలిగే హైడ్రోజన్ మేఘమది. గ్రహాలను మాత్రం ఆశించరాదు. బృహస్పతి బింబం అక్కడ మిల్లీమీటరులో పదోవంతుకు కూడ రాదు. శనివలయాలను చిత్రించాలని ఈ పరికరాన్ని కొన్నవారు నిరాశ చెందితే తప్పు పరికరానిది కాదు.

అసలు కష్టం దూరదర్శినిలో లేదు, దానిని మోసే పీఠంలో ఉన్నది. ఒక డిగ్రీలో 60వ వంతు కల, కలలో 60వ వంతు వికల అని జ్యోతిశ్శాస్త్రం లెక్క. భూభ్రమణం వలన ఆకాశం సెకనుకు 15 వికలల వంతున పడమరకు జరుగుతుంది. పగటివేళ ఎక్స్‌పోజరు సెకనులో వందోవంతు కూడ ఉండదు కనుక ఆ కదలిక చిత్రాన్ని చెరపదు. రాత్రివేళ ముప్పై సెకనులు కెమెరా తెరచి ఉంచితే, కదలని పీఠం మీద ప్రతి నక్షత్రమూ ఒక గీతగా మారుతుంది. అందుచేత ఆకాశంతో పాటు తిరిగే మోటారు పీఠం కావాలి.

ఆ పీఠంలో సూర్యునికి ఒక వేగం, నక్షత్రాలకు ఒక వేగం వేరువేరుగా ఉంటాయి. నక్షత్రం ఒకసారి తిరిగి వచ్చేందుకు 23 గంటల 56 నిమిషాల 4 సెకనులు పడుతుంది; సూర్యునికి 24 గంటలు. ఈ నాలుగు నిమిషాల తేడా స్వల్పమనిపిస్తుంది. కాని పగలు సూర్యుని వేగానికి పెట్టిన పీఠాన్ని మార్చడం మరచి రాత్రి పని మొదలుపెడితే, నక్షత్రం నిమిషానికి రెండున్నర వికలల చొప్పున తప్పిపోతుంది. ముప్పై సెకనుల చిత్రంలో అది తెలియదు. ఐదు నిమిషాల చిత్రంలో నక్షత్రాలన్నీ కోడిగుడ్డు ఆకారానికి సాగుతాయి. కొత్తవారు కటకంలో దోషమున్నదని భ్రమపడి కటకాన్ని విప్పడానికి పూనుకొంటారు. సరిచేయవలసినది ఒక్క మీట.

పీఠపు అక్షాన్ని ధ్రువానికి గురిపెట్టడంలో స్థానికమైన ఇబ్బంది మరొకటి ఉన్నది. ఓబులదేవరచెరువు సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది కనుక అక్కడ ధ్రువనక్షత్రం దిగంతానికి 14 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉంటుంది. ఉత్తరాన ఒక గుట్టగాని, చింతచెట్టుగాని అడ్డువస్తే అది కనిపించదు. యూరపు, అమెరికాల అక్షాంశాలను మనసులో పెట్టుకొని తయారుచేసిన పీఠాలు కొన్ని ఇంత కిందికి వంగవు; వంగినా సమతూకపు బరువు ముక్కాలి కర్రకు తగులుతుంది. కొనేముందే ఈ విషయం విచారించుకొనాలి. పీఠం నిలిపే చోటికి ఉత్తరం వైపు తెరపి ఉన్నదో లేదో పగటివేళనే చూచుకొనడం ఉత్తమం.

ఎటలాన్ తీసినప్పుడు నాభిస్థానం మారిపోతుంది. పగటి గుర్తు రాత్రికి పనికిరాదు. 2005లో రష్యాకు చెందిన బహ్తినోవ్ అనే ఔత్సాహికుడు రూపొందించిన చీలికల మూతను దూరదర్శిని ముందు పెట్టి ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని చూస్తే, దాని చుట్టూ మూడు కాంతిరేఖలు కనిపిస్తాయి. నడిమి రేఖ సరిగా మధ్యకు వచ్చినప్పుడు నాభి కుదిరినట్లు. తరువాత ఆ మూతను తీయడం మరువరాదు.

ఇక కెమెరా సంగతి. ఛాయాచిత్రకళ పుట్టిన కొద్ది సంవత్సరాలకే, 1845లో, సూర్యుని చిత్రం తీశారు. మృగశిర నీహారిక చిత్రం కావడానికి 1880 దాకా వేచి ఉండవలసి వచ్చింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ అనే అమెరికా వైద్యుడు 51 నిమిషాల పాటు గాజుపలకను తెరచి ఉంచి ఆ పని సాధించాడు. నేటి విద్యార్థి ముప్పై సెకనుల చిత్రాలు నూరు తీస్తే మొత్తం 50 నిమిషాలు. ఆ నూరింటినీ కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి సరిగా పేర్చి సగటు తీస్తే, నీహారిక వెలుగు నిలుస్తుంది. యాదృచ్ఛికమైన మచ్చల గోల పదోవంతుకు తగ్గుతుంది. నూరుకు వర్గమూలం పది కావడమే ఆ పదికి మూలం. మధ్యలో గాలి వీచి చెడిన చిత్రాలను తీసివేసే అవకాశం కూడ ఉన్నది. డ్రేపర్‌కు ఆ అవకాశం లేదు.

పగలు సూర్యుణ్ణి చిత్రించేందుకు వాడే చిన్న వీడియో కెమెరా రాత్రి చంద్రునికి బాగా పనికివస్తుంది. సెకనుకు అనేక చిత్రాలు తీసి, గాలి నిలకడగా ఉన్న క్షణాల చిత్రాలను మాత్రమే ఏరుకొనే పద్ధతి ఇద్దరికీ సమానమే. నీహారికలకు పెద్ద గ్రాహకం గల కెమెరా మేలు. అయితే సామాన్యమైన కెమెరాలలో కాంతిగ్రాహకం ముందు ఒక ఫిల్టరు ఉంటుంది. మనుషుల ముఖవర్ణం సహజంగా కనిపించేందుకు అది గాఢమైన ఎరుపులో అధికభాగాన్ని ఆపుతుంది. ఆ ఆగిపోయే ఎరుపులోనే 656.3 నానోమీటర్ల కాంతి ఉన్నది. పెండ్లి ఫోటోలకు మంచిదైన కెమెరా నీహారికకు లోభి అయినది ఇందుకే.

ఊరివెలుగుల బాధ తప్పించుకొనడానికి గుంటూరు సూత్రం మళ్ళీ అక్కరకు వస్తుంది. హైడ్రోజన్ ఎరుపును విడిచే మరొక రకం ఫిల్టరును కెమెరా ముందు అమర్చుతారు. దాని కిటికీ వెడల్పు సుమారు 7 నానోమీటర్లు. సూర్యదర్శిని కిటికీ కన్న నూరురెట్లు విశాలం. భూమి ఏ దిక్కుకు పరుగెత్తినా నీహారిక రేఖ ఆ కిటికీని దాటిపోదు. వీధిదీపాల తెల్లని వెలుగు మాత్రం కల్లం మీది కాయల వలె పలచబడి, నూటికి రెండు మూడు పాళ్ళే లోపలికి వస్తుంది. 1868లో ఒక ఉదయం సూర్యుని వెలుగును తోసిపుచ్చిన ఉపాయమే నేడు వీధిదీపాన్ని తోసిపుచ్చుతున్నది. ఒక్క హెచ్చరిక: ఈ రాత్రి ఫిల్టరును, పేరులో హైడ్రోజన్ అని ఉన్నంత మాత్రాన, సూర్యుణ్ణి చూడడానికి ఎన్నడూ వాడరాదు. పేరు ఒకటే గాని కాపుదల ఒకటి కాదు.

ఈ హెచ్చరికను ఇంకొంత వివరించడం అవసరం. సూర్యదర్శిని అనే పేరు రాసి ఉన్న గొట్టాన్ని చూచిన పిల్లవాడు అది సూర్యునికి సురక్షితమనే అనుకొంటాడు. రాత్రి పని ముగిసిన తరువాత ఎటలాన్, చివరి ఫిల్టరు పెట్టెలోనే ఉండగా ఆ గొట్టం పీఠం మీద తెల్లవారేదాకా నిలిచి ఉంటే, అది పేరుకు మాత్రమే సూర్యదర్శిని. 60 మిల్లీమీటర్ల కటకం మీద పడిన ఎండనంతా నాలుగు మిల్లీమీటర్ల బింబంలోకి కూర్చినప్పుడు అక్కడి తీవ్రత రెండు వందల రెట్లకు మించుతుంది. కాగితం పొగలు కక్కుతుంది. కంటి వెనుక ఉండే నేత్రపటలానికి నొప్పి తెలిసే నాడులు లేవు. అది కాలినా బాధ కలగదు. చూపు మసకబారిన తరువాతనే సంగతి తెలుస్తుంది. ఎటలాన్ ఒక్కటే పెట్టి చివరి ఫిల్టరును మరచినా ప్రమాదమే. ద్వారపాలకులు మువ్వురూ ఉన్నప్పుడే ఆ ద్వారం భద్రం.

కనుక అనుభవజ్ఞులు కొన్ని అలవాట్లు పాటిస్తారు. సూర్యదర్శిని భాగాలకూ రాత్రి భాగాలకూ వేరువేరు పెట్టెలుంటాయి. గొట్టం నుండి ఎటలాన్ తీసిన మరుక్షణమే ‘రాత్రి’ అని రాసిన ఎర్రగుడ్డ ముక్కను పీఠానికి కడతారు. తిరిగి బిగించిన తరువాతనే దానిని విప్పుతారు. పగలు సూర్యుని వైపు తిప్పే ముందు ఇద్దరు మనుషులు భాగాలను వేరువేరుగా పరీక్షిస్తారు. మొదట కన్ను పెట్టరు. అక్షికటకం వెనుక తెల్లకాగితం పట్టుకొని చూస్తారు. దాని మీద మిరుమిట్లు గొలిపే వెలుగు పడితే వెంటనే గొట్టాన్ని పక్కకు తిప్పుతారు.

జనవరి రాత్రి ఓడిచెరువు మెట్టనేల మీద పని సాధారణంగా వేకువజాము నాలుగు గంటలకు ముగుస్తుంది. అప్పటికి మృగశిర పడమట గుంకి ఉంటుంది. ఆఖరుగా మూత పెట్టిన దూరదర్శినితోనే, అదే ఎక్స్‌పోజరుతో, పది ఇరవై చీకటి చిత్రాలు తీస్తారు. కెమెరా తనంతట తాను పుట్టించే మచ్చలు వీటిలో పడతాయి. తరువాత వాటిని నీహారిక చిత్రం నుండి తీసివేస్తారు. ఆ మూత ఇక తీయరు. గొట్టాన్ని పీఠం నుండి దించి, పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. తూర్పున వెలుగురేఖ పొడచూపే వేళకు మెట్టనేల మీద ముక్కాలి కర్ర ఒక్కటే మిగిలి ఉంటుంది.